గట్టు అవతలికి

పట్నం నడుమ ఉన్న చెరువును గుర్రపుడెక్క కమ్మేసింది. ముసలి తాబేలు ఒక్కటే రోజూ ఒక్కో మొక్కనూ నోట కరుచుకుని గట్టు అవతలికి ఈడ్చేది.

ఒక ఆదివారం కొంగలన్నీ సాయానికొచ్చాయి. కేరింతలు కొడుతూ మొక్కలు పీకి, నీళ్ల అంచునే కుప్పలు పోశాయి.

"గట్టు దాటించండమ్మా, వానొస్తే మళ్లీ చెరువులోకే జారతాయి," అంది తాబేలు.

"దానికి నువ్వున్నావుగా తాతా!" అంటూ కొంగలు ఎగిరిపోయాయి.

సాయంత్రం వాన పడింది. కుప్పలన్నీ జారి చెరువంతా పరుచుకున్నాయి. తాబేలు మళ్లీ ఒక మొక్కను కరుచుకుని బయల్దేరింది.

దారిలో కుంటి కప్ప అడిగింది: "మోసే బలం నాకు లేదన్నా. ఊరికే నీ పక్కన నడవనా?"

జవాబు చెప్పాలంటే నోట్లోది వదలాలి. గట్టు చేరకుండా తాబేలు ఏనాడూ మొక్కను వదల్లేదు.

ఆ రోజు వదిలింది.