ద్రాక్ష వాంగ్మూలం

“ఈ సీసా ఎవరిది?”

చెక్‌పోస్టు దగ్గర ఆపిన బస్సులో సోదా జరుగుతోంది. మద్యనిషేధం కానిస్టేబులు ఎల్లాజీ ఒక రేకుపెట్టెలోంచి సీసాను పైకెత్తి అందరికీ చూపించాడు. చిన్న సీసా, లోపల తేనెరంగు నీళ్లు, మూతికి ఎర్రలక్క. పెట్టె కలాసీ లక్ష్ముడిది. పది నెలల తర్వాత విశాఖపట్నంలో ఓడ దిగి, పొద్దున్నే నరసన్నపేట బస్సెక్కాడు. ఇంకో రెండు గంటల్లో పెళ్లాన్నీ, ఇంతవరకూ మొహమైనా చూడని మూణ్నెల్ల కూతుర్నీ చూసుకోవలసినవాడు, చెక్‌పోస్టు గదిలో బల్ల ముందు నిలబడ్డాడు.

బల్ల వెనక సబిన్‌స్పెక్టరు నరసింగరావు కూర్చున్నాడు. ఎవర్నీ నమ్మే మనిషి కాదాయన. కొబ్బరిబొండం ఇచ్చినా వాసన చూసిగాని తాగడని ఆ రోడ్డు మీద చెప్పుకుంటారు.

“ఏమిట్రా ఇది?”

“బాలింతకి పట్టే మందు బాబూ. మా ఇంటిది నీలవేణి పురుడు పోసుకున్నకాడినుంచి మంచం దిగనేదంట. దినానికో సెమ్చా పోస్తే సత్తువొస్తాదని ఒక ముసలమ్మ ఇచ్చినాది.”

“ఏ ఊరి ముసలమ్మ?”

“ఇటలీ బాబూ.”

ఎల్లాజీ కిసుక్కున నవ్వాడు. నరసింగరావు నవ్వలేదు. లక్క గీకి, బిరడా తీసి వాసన చూశాడు. ఒక చుక్క వేలిమీద వేసుకుని నాలిక్కి రాసుకున్నాడు. ఇంకో చుక్క కూడా రాసుకున్నాడు.

“ఇది సారా కాదు. బ్రాందీ కూడా కాదు. దేంతో చేశారు?”

“ద్రాచ్చతోటి.”

“ఏదైతేనేం, నిషా ఉంది. కేసు రాస్తే ఏమవుతుందో తెలుసా?”

“తెలుసు బాబూ. నా ఓడ పుస్తకం లాగీసుకుంటారు. మరి ఏ కంపినీవోడూ నన్ను ఓడెక్కించుకోడు.” లక్ష్ముడికి ఇంటిదగ్గర వల లేదు, తెప్ప లేదు. ఆ పుస్తకం పోతే కూలిపని తప్ప ఇంకేమీ లేదు. వాడికి నిజంగా భయమేసింది.

“అయితే మొదట్నించీ చెప్పు. ఒక్క ముక్క దాచావో, కేసే.” నరసింగరావు తెల్లకాగితాలు ముందుకు లాక్కుని కలం మూత తీశాడు.

లక్ష్ముడు చెప్పాడు. ఓడ రిపేరుకని జెనోవా రేవులో రెండున్నర నెలలు ఆగిపోయింది. ఓడలో వంటవాడిది ఆ పక్క ఊరే. లిగూరియా అంటారు ఆ ఒడ్డుని. కొండలు తిన్నగా సముద్రంలోకి దిగిపోతాయి. కొండంతా మెట్లు మెట్లుగా రాతిగోడలు కట్టి, వాటిమీద ద్రాక్షతోటలు వేశారు. కొన్ని తోటలకి దారే లేదు. కాయలు కోసి, తాళ్లతో బుట్టలు పడవలోకి దించుతారు. పడవ పట్టడం తెలిసినవాడని వంటవాడి తల్లి లక్ష్ముణ్ని పనికి పెట్టుకుంది.

“ఏ రకం ద్రాక్ష?”

“మూడు రకాలు బాబూ. బోస్కో, ఆల్బరోలా, వెర్మెంటీనో. బోస్కోయే ఎక్కువేస్తారు. అది ఆ ఒడ్డు దాటితే ఎక్కడా కానరాదంట.”

“హైదరాబాదు ద్రాక్షతో అవదా?”

లక్ష్ముడు ఉలిక్కిపడ్డాడు. ఔనన్నా తప్పే, కాదన్నా తప్పేనేమో. “నాకేటి తెలుసు బాబూ. నానెప్పుడూ సెయ్యనేదు.”

“సరే. కోసిన వెంటనే పిండుతారా?”

“నేదు. ముందల ఎండబెడతారు.”

“ఎండలోనా?”

“ఎండ తగలకూడదు. నీడపట్టున, గాలి కొట్టేకాడ. మనం దండేలమీద సేపలు ఆరేస్తాం సూడండి, అలాగే గుత్తులు ఏలాడదీస్తారు. కిస్మిస్ లాగ ముడుచుకుపోయేదాకా.”

“ఎన్నాళ్లు?”

“రెండు నెలలు దాటుతాది.”

నరసింగరావు ఆ మాట రాసి కింద గీత గీశాడు. అక్కడినుంచి ప్రశ్నలు ఆగలేదు. తొడిమలు తీస్తారా? చేత్తోనా, కర్రతోనా? తొక్కలు రసంలోనే ఉంచుతారా? ఎన్నాళ్లు? మూత బిగిస్తారా, వదులుగా పెడతారా? బుట్టెడు కాయలకి ఎంత రసం దిగుతుంది? లక్ష్ముడు చెమటలు తుడుచుకుంటూ గుర్తున్నదల్లా చెప్పాడు. కుళ్లిన కాయ ఒక్కటి కలిసినా ముసలమ్మ చేతిమీద ఒక్కటి వేసేదని కూడా చెప్పాడు. అదీ రాసుకున్నాడాయన.

ఎల్లాజీకి మతిపోయింది. “సార్, మొన్న ఏడు బట్టీలు పట్టుకున్నప్పుడు కూడా అరకాగితమే రాశారండి.”

“నోరు ముయ్యి. ఇది పెద్ద వ్యవహారం. వీడి వెనక ఎవరున్నారో తేలాలి.”

“నా ఎనకాల ఎవరూ నేరు బాబూ” అని దండం పెట్టాడు లక్ష్ముడు. బయట బస్సు హారను ఆపకుండా మోగుతోంది. నాలుగో కాగితం నిండాక నరసింగరావు తలెత్తాడు.

“ఎల్లాజీ, నువ్వెళ్లి బస్సు కదలకుండా చూడు.”

కానిస్టేబులు వెళ్లాడు. నరసింగరావు లేచి తలుపు గడియ పెట్టాడు. ఇక కొడతాడనుకున్నాడు లక్ష్ముడు. కూతురి మొహం చూడకుండానే జైలుకి పోతానేమోనని కళ్లనీళ్లు తిరిగాయి. దెబ్బ పడలేదు. నరసింగరావు సీసాకి బిరడా బిగించి, గుడ్డ చుట్టి, రేకుపెట్టెలో పెట్టాడు. రాసిన నాలుగు కాగితాలూ మడిచి ఫైలులో కాకుండా చొక్కాజేబులో దోపుకున్నాడు. అప్పుడు దగ్గరకొచ్చి, అటూ ఇటూ చూసి, దొరతనమంతా పోయిన గొంతుతో చెవిలో అడిగాడు.

“ఒరే లక్ష్మా, నాను ఇంట్లో సాటుగా పులవబెట్టిన ద్రాచ్చరసమంతా మా ఇంటిది పట్టుకెళ్లి పుల్లటి తరవాణి కుండలో పోసీసినాది, పుల్లబడిపోనాది. దాన్ని బాగుసేసే దారేటైనా ఆ ముసలమ్మ సెప్పినాదేట్రా?”