గేటు బయట లెక్కలు

"చంటిపిల్లతో లోపలికి పంపరమ్మా," అన్నాడు కాలేజీ వాచ్‌మన్.

"తెలుసు బాబూ. మా తోడికోడలు వస్తోంది. పాపని తన చేతికిచ్చే వెళ్తాను."

మొగుడు మంచాన పడ్డాక ఇల్లు నిలబడాలంటే పాప తల్లికి ఈ గుమస్తా ఉద్యోగ పరీక్ష ఒక్కటే దారి.

తోడికోడలికి ఫోన్ చేసింది. మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

గోడవార అరుగు మీద కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది. పాప పేజీ పట్టుకుని లాగింది.

"ఇలా ఇవ్వండి. మీరు చదువుకోండి," పక్కన కూర్చున్న కళ్లజోడావిడ చేతులు చాపింది.

నలభైకి దగ్గరపడ్డ మనిషి. చెవుల పక్క జుట్టు నెరిసింది. ఎవరినో పరీక్షకి దింపడానికి వచ్చి ఉంటుందనుకుంది పాప తల్లి.

"తల్లీకూతుళ్ల వయసుల నిష్పత్తి ఐదుకి ఒకటి. ఆరేళ్ల తర్వాత మూడుకి ఒకటి అట. ఎంతకీ కొరుకుడు పడటం లేదు," అంది పాపని ఆవిడ చేతికిచ్చి.

"తేడా చూడండి," అంది కళ్లజోడావిడ. "ఇప్పుడు నాలుగు భాగాలు. అప్పుడు రెండు భాగాలు. కానీ ఇద్దరి మధ్య తేడా ఎన్నేళ్లయినా మారదు కదా?"

"మారదు."

"అంటే అప్పటి ఒక్కో భాగం ఇప్పటిదానికి రెట్టింపు. ఆరేళ్లలో కూతురి వయసు రెట్టింపైంది. మరి ఇప్పుడెంత?"

"ఆరు. తల్లికి ముప్పై." పాప తల్లి తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "ఇంతేనా?"

"ఇంతే. తర్వాతది చదవండి."

"మూడు, ఏడు, పదిహేను, ముప్పై ఒకటి. ఆ తర్వాత ఏం వస్తుంది?"

"ఒక్కోదాన్నీ రెట్టింపు చేసి చూడండి."

"రెట్టింపు, పైన ఇంకొకటి... అరవై మూడు."

"బాగుంది. సంచిలో మూడు ఎర్ర బంతులు, ఐదు తెల్లవి. చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే అవకాశం?"

"ఐదులో మూడు."

"తొందరపడకండి. ముందు సంచిలో మొత్తం ఎన్నున్నాయో చూడాలి."

"ఎనిమిదిలో మూడు," అని నాలిక్కరుచుకుంది పాప తల్లి. "మీరు టీచరా అండీ?"

"ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్ చెబుతాను."

లోపల మొదటి గంట మోగింది. తోడికోడలి జాడ లేదు.

"మీరు వెళ్లండి. ఆవిడ వచ్చేదాకా నేను పట్టుకుంటాను," అంది కళ్లజోడావిడ.

"ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేస్తుందండీ. పాలసీసా సంచిలో ఉంది."

పాప తల్లి వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

ప్రశ్నపత్రంలో ఆ మూడు రకాల లెక్కలూ వచ్చాయి. చేతికి అడ్డు లేకుండా చేసుకుపోయింది.

బయటికొచ్చేసరికి అరుగంతా ఎండ. పాప ఇంకా కళ్లజోడావిడ ఒళ్లోనే ఉంది. నెత్తిమీద ఆవిడ చీరకొంగు కప్పి ఉన్నా పాప మొహం కందిపోయింది.

"మా తోడికోడలు రాలేదా?"

"రాలేదండీ."

తోడికోడలి మీది కోపం ఎదురుగా ఉన్న మనిషి మీదికి మళ్లింది.

"పసిపిల్లని పట్టుకుని ఎండలోనే కూర్చున్నారా? నీడకైనా తీసుకెళ్లలేకపోయారా?"

"మీరొచ్చేసరికి కనబడకపోతే కంగారుపడతారని..."

"ఊరికే కూర్చునేవాళ్లకి పరీక్ష రాసేవాళ్ల బాధ ఏం తెలుస్తుంది లెండి," అంటూ పాపని లాక్కుంది.

కళ్లజోడావిడ పాలసీసా సంచి అందించింది. "లెక్కలు బాగా చేశారా?" అని మాత్రం అడిగింది.

"చేశాను," అంటూనే వెళ్లిపోయింది పాప తల్లి.

ఉద్యోగం వచ్చింది. ఆ లెక్కలే తనని గట్టెక్కించాయని ఆమెకి తెలుసు. అన్న మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది.

మరుసటేడు అదే పరీక్షకి, అదే కాలేజీలో ఆమెకి డ్యూటీ వేశారు. గేటు దగ్గర నిలబడ్డ వాళ్లందరిలో కళ్లజోడావిడ కోసం వెతికింది.

"పాప నడుస్తోందా అమ్మా?" వాచ్‌మన్ గుర్తుపట్టి పలకరించాడు.

"పరుగులే. పోయినసారి పాపని ఎత్తుకున్నావిడ ఈసారీ ఎవరినైనా దింపడానికి వచ్చారా? ఒక మాట జారాను. క్షమించమని అడగాలి."

"ఈసారి ఎందుకొస్తారమ్మా? వయసు దాటిపోయిందిగా."

"దేనికి వయసు?"

వాచ్‌మన్ ఆమె మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు.

"గేటు మూసేస్తున్నాను, ఇదే ఆఖరిసారన్నారుగా, రండమ్మా అని పిలిస్తే, పాపనెవరికిచ్చి రానూ అని తన హాల్ టికెట్ మడిచి సంచిలో పెట్టేసుకున్నారు."