జాబితాలో లేని వరహాలు

ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ బియ్యం డబ్బా పక్కన ఒక సర్వర్ ఉంటుంది. తలుపులూ పొయ్యీ దాని మాటే వింటాయి. దొంగలు నెట్ దారినే వస్తారని నూకరత్నం తన ఇంటి సర్వర్‌ని దేనికీ తగిలించకుండా ఒంటిగానే ఉంచింది. నిన్న టెక్నీషియన్ కేజియా వచ్చి, దానికి బ్యాంకులు వాడే భద్రతా టెంప్లేట్ ఎక్కించి వెళ్ళింది. జాబితాలో పేరున్న వాళ్ళకే తలుపు తెరుచుకుంటుంది. జాబితాలో లేని గొంతు మూడుసార్లు పిలిస్తే అరగంటసేపు అందరికీ తాళమే.

ఈ ఉదయం పక్కింటి వరహాలు మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని పెరటి తలుపు దగ్గరికి వచ్చి, అలవాటుగా కేకేసింది.

“వదినా! వదినా! ఓ వదినా!”

చిక్కుడు పందిరి చాటున కాయలు కోస్తున్న నూకరత్నం పలికేలోపే తాళం పడిపోయింది.

“పొయ్యి మీద పప్పుందే! మాడిపోద్ది!” అంటూ ఆమె కేజియాకి ఫోన్ చేసింది.

“పొయ్యి దానంతటదే ఆరిపోయుంటది పిన్నిగారూ. ఒంటి సర్వర్ కదా, తలుపు మాత్రం ఇక్కణ్ణించి తియ్యలేను. నేనొస్తన్నాను, అరగంట కూర్చోండి.”

ఇద్దరూ మెట్టు మీద చతికిలబడ్డారు. పాతికేళ్ళుగా వరహాలు నిలబడే మజ్జిగ పోయించుకుని వెళ్ళేది. ఈరోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పుట్టింటి కబుర్లన్నీ చెప్పింది. నూకరత్నం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

తలుపు తెరుచుకునే వేళకి కేజియా వచ్చింది.

“వరహాలుగారి పేరు కూడా ఎక్కించేస్తాను. ఇక ఇబ్బందుండదు.”

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“తొందరేముందమ్మా,” అంది వరహాలు. “రేపు గోంగూర వలవాలి.”