నలభై రెండో రోజు

“నేను రాను. గీ సామితోని గాదు, సామికి మాలేసిన గురుస్వామి అచ్చి పిలిచినా రాను,” అంది గీత, తలుపుకు అడ్డంగా నిలబడి.

“నోర్ముయ్యే! పొద్దుపొద్దున సామి ఇంటి ముందట నిలబడితే గట్లనా మాట్లాడేది?” తల్లి దేవవ్వ ఆమెను పక్కకు నెట్టి, చెంబెడు నీళ్లతో వాకిట్లోకి ఉరికింది.

వాకిట్లో గీత మొగుడు శ్రీహరి నిలబడి ఉన్నాడు. చందుర్తి ఊరంతా మంచు దిగి ఉంది. ఎదురింటి గోడ కూడా కనబడటం లేదు. ఆ తెల్లదనంలో నల్ల చొక్కా, నల్ల పంచె, మెడ చుట్టూ నల్ల తువ్వాల, ఉత్త కాళ్లు. పెళ్లాన్ని తీసుకుపోదామని సిరిసిల్లలో మొదటి బస్సెక్కి వచ్చాడు. మంచు కదిలినప్పుడల్లా మనిషి ఉన్నట్టూ లేనట్టూ అనిపిస్తున్నాడు. తను ఇంకా నిద్రే లేవలేదేమో అని గీతకు అనుమానం వచ్చింది.

“సామి శరణం,” అంటూ దేవవ్వ అల్లుడి కాళ్ల మీద నీళ్లు పోసి వంగబోయింది.

“అద్దత్తా, నాకు మొక్కకు,” శ్రీహరి గబుక్కున వెనక్కి జరిగాడు.

“నీకెవలు మొక్కుతున్నరయ్యా? నీ మీదున్న దేవునికి మొక్కుతున్న.”

శ్రీహరి తలుపు వైపు చూసి మెల్లగా పిలిచాడు. “గీతా.”

“ఇన్నవానే? మాతా అంటున్నడు!” దేవవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాపం, ఆమెకు కాస్త చెవుడు. పైగా మాల వేసుకున్నవాళ్లు ఆడవాళ్లందరినీ, కట్టుకున్నదానితో సహా, మాతా అనే కదా పిలవాలి.

గీతకు నవ్వు రాలేదు. పోయిన చలికాలం గుర్తొచ్చింది. మాల వేసుకున్న ఆ నలభై ఒక్క రోజులూ ఆమెకు కలలోలాగే గడిచాయి. తెల్లారకముందే చన్నీళ్ల చప్పుడు, ఇల్లంతా కర్పూరం పొగ, ఆ పొగలో గొంతెత్తని మొగుడు. బట్ట నేసే సాంచాల కార్ఖానా నుంచి ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చే మొగుడు. వాడకట్టంతా సామీ సామీ అంటుంటే అతని నడక కూడా మారిపోయింది. ఎంత బాగుండిందో ఆ కల! గీత నిద్రలో కూడా నవ్వుకునేది.

“మాల తీసిన తెల్లారే తాగచ్చి అన్నం పళ్లెం గోడకు గొట్టిండమ్మా. నలభై ఒక్క రోజులు దేవుడు. నలభై రెండో రోజు మళ్ల పాత శ్రీహరే,” అంది గీత.

“ఉన్నన్ని రోజులన్న మంచిగున్నడు గదనే. మనిషికి దేవుని భయమున్నది.”

“భయం పోంగనే మంచితనం గూడ పాయె. నాకు దేవుడద్దు, ఏడాది పొడుగూత ఉండే మనిషి గావాలె.”

“గందుకేనా, బతుకమ్మ పండుగ ముందట అచ్చిన కాడికెల్లి దీపం ముట్టిస్తలేవు? దేవున్నే నమ్మకపోతే మనిషినెట్ల నమ్ముతవే బిడ్డా?”

“దేవున్ని నమ్మే గదా గీ మనిషిని నమ్మింది! నేను మొక్కని గుడున్నదా, ముడుపు గట్టని చెట్టున్నదా?”

గీతకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా ఆ కల మళ్లీ కావాలనిపించింది. ఆమె భయమంతా అదే. వెంట వెళ్తే మళ్లీ ఆ పొగ, ఆ వాసన, ఆ మెత్తటి మాట. ఇంకోసారి అందులోంచి ఉలిక్కిపడి లేవాల్సి వస్తే తను తట్టుకోలేదు.

“సామి శరణం!” సైకిల్ మీద పాలాయన మంచులోంచి పలకరించి మంచులోకే వెళ్లిపోయాడు. శ్రీహరి బదులుగా శరణం అనకుండా ఊరికే చేతులు జోడించాడు. ఆ చేతులు వణకటం లేదు, కళ్లు ఎర్రగా లేవు. గీత అది చూసింది. చూసి ఇంకా భయపడింది.

“ఒక్కటడుగుత, చెప్పు,” అంటూ గీత గడప దిగింది. “మాల ఎప్పుడు తీస్తవు?”

“గీతా...”

“తారీకు చెప్పు. ఆ తెల్లారి మళ్ల పళ్లెం గోడకే గదా?”

శ్రీహరి మెడ చుట్టూ ఉన్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. మెడ బోసిగా ఉంది. ఒక్క పూస కూడా లేదు.

“అయ్యో అయ్యో, మాలేది సామీ?” దేవవ్వ గుండెలు బాదుకుంది. “తెగిందా ఏంది? ఎంత అపచారం!”

“తెగలేదత్తా, అసలు ఎయ్యనే లేదు. ఏసుకుందామనే పొద్దుగాల గుడి కాడ వరుసల కూసున్న. గురుస్వామి మెడల ఎయ్యబోతుంటే అడిగిన, గిది జన్మల తీయకుంట ఉండచ్చా అని. గట్లెట్ల, కొండకు పోయచ్చినంక తీయాలె గదా అన్నడు. లేచి గట్లనే బస్సెక్కిన. చెప్పులు గూడ గాడనే మరిచిన.”

“మరి మాల లేకపోతే నీ తాగుడు ఎవలాపుతరయ్యా?”

“గీత పోయిన కాడికెల్లి ముట్టలేదత్తా. ఏ దేవుడూ ఆపలే. నేనే ఆపుకున్న.”

దేవవ్వ చేతిలో చెంబు కింద పెట్టింది. మంచు నెమ్మదిగా విడుతోంది. ఎదురింటి గోడ కనబడుతోంది. గీత ఆ ఉత్త మెడ వైపు నమ్మీ నమ్మనట్టు చూసింది.

“మరి గిదెన్ని రోజులు?” అంది. గొంతు ఆమెకే వినబడనంత చిన్నగా ఉంది.

“ఏసిన మాలైతే ఎన్నడో ఒకనాడు తీయాలె. ఎయ్యని మాల ఎవలు తీస్తరు, గీతా?”