పల్చటి గోడ

బాణసంచా మందు కలిపే కొత్త షెడ్డుకి సున్నాలు వేయడం అయిపోయింది. కడుతున్నన్నాళ్లూ అటు తొంగి చూడని యజమాని, తన గది కిటికీలోంచి చూసి, "గట్టిగానే కట్టించావే," అన్నాడు.

"మూడు గోడలే గట్టివి సార్. నాలుగోది పల్చన," అంది ఇంజినీరమ్మ. "లోపల పేలితే ఆ విసురు బయటికి పోవడానికి ఒక దారి ఉండాలి. మీ పాత షెడ్డుకి నాలుగూ రాతి గోడలే. దారి లేక కప్పు లేచి, లోపలివాళ్ల మీదే పడింది."

"ఆ పాత గోలెందుకిప్పుడు? ఇంతకీ పల్చటి గోడ ఏ వైపు?"

ఆమె అతని కుర్చీ వైపు వేలు చూపించింది.

"మీ వైపు."

నవ్వబోయాడు. అంతలోనే కుర్చీ కిటికీకి దూరంగా జరుపుకున్నాడు.

"ఆ రోజు పోయినవాళ్లలో మా అక్క ఉంది," అందామె తాపీగా. "కొలతకి మూడింతలు కలపమన్నారట మీరు. నాకు ఒక జడ వేసి, రెండోది సాయంత్రం వచ్చి వేస్తానని వెళ్లింది."

"దీనికి నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"ప్లానులో సంతకం మీదే. 'ఈ గీతలు చూసే తీరిక నాకెక్కడిది' అంటూ పెట్టారు. నకలు మీ సొరుగులోనే ఉంది."

"రేపే గది మార్చేస్తాను."

"మార్చండి. మీరే పారిపోయాక ఆ షెడ్డులో ఎవరు అడుగు పెడతారో చూద్దాం."

గది మారలేదు. మనిషి మారాడు. కొలతకి మించి చిటికెడు మందు లోపలికి వెళ్లనిచ్చేవాడు కాదు. నలుగురే ఉండాల్సిన షెడ్డులో ఐదో మనిషి కనిపిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చేవాడు. తలుపు దగ్గర నీళ్ల బకెట్లు తనే తడిమి చూసుకునేవాడు.

"అయ్యగారికి మన మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచే?" అని ఆడకూలీలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

బల్ల మీద గ్లాసు దొర్లినా ఆయన గుండె జారిపోయేది. ఆ కాగితం ఉన్న సొరుగు ముట్టుకోవాలంటేనే చెమటలు పట్టేవి. ఏడాది తిరిగేసరికి తల ముగ్గుబుట్టయింది.

ఇంజినీరమ్మ నెలకోసారి తనిఖీకి వచ్చేది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, "నిద్ర పడుతోందా సార్?" అని అడిగి వెళ్లేది.

సొరుగు అడుగున, కట్టు కూడా విప్పని ఆ నకలులో పల్చటి గోడ అవతలి బీడు వైపుంది, ఆయన గదివైపు ఉన్నది నాలుగింటిలోకీ మందమైన గోడ.