మూడో సెట్టు

డాక్టర్ రిచర్డ్ ఆ కట్టుడు పళ్లను లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. పైవరస మధ్యలో కుంగిపోయి, వేయించిన అప్పడంలా మెలి తిరిగి ఉంది.

"రెండో సెట్టు కూడా ఇట్లనే అయింది. ఏం చేస్తున్నారమ్మా వీటితో?"

"ఏటి సేత్తాను బావూ? నోట్లో ఎట్టుకుంటన్నాను" అంది గవరమ్మ, బోసినోటితో అమాయకంగా.

పక్కన నిలబడ్డ కొడుకు కన్నబాబు గొంతు సవరించుకున్నాడు. మాధాపూర్‌లో టీమ్ లీడరు. చేతికింద ఎనిమిదిమంది. ఎక్కడ ఏ తప్పు జరిగినా దాని మూలం పట్టుకుని, బొమ్మ గీసి చూపించడం అతని ఉద్యోగం.

"రూట్ కాజ్ నేను ఎప్పుడో కనిపెట్టాను డాక్టర్" అన్నాడు.

మొదటి సెట్టు నాలుగు నెలలకే వంగినప్పుడు కనిపెట్టాడు. అమ్మకి టీ పొగలు కక్కుతూ ఉండాలి. ఆ వేడికే ప్లాస్టిక్కు మెత్తబడింది. ఇంకేం, మర్నాటి నుంచి సీతాఫల్‌మండిలోని వాళ్లింట్లో థర్మామీటరు ముంచి చూశాకే గవరమ్మకి టీ అందేది. కోడలు దేవి పూటపూటా డిగ్రీలు కంప్యూటర్లో ఎక్కించేది. చల్లారిపోయిన టీ తాగుతూనే గవరమ్మ రెండో సెట్టును మూడు నెలల్లో వంచేసింది.

"అంటే తప్పు టీది కాదు. మెటీరియల్‌ది" అని తేల్చాడు కన్నబాబు.

"నువ్వు సదువుకున్నోడివి నాయినా. నువ్వు సెప్పిందే రైటు" అంది గవరమ్మ.

డాక్టరు ఆవిడ నోట్లోకి టార్చి వేశాడు. "అంగిలంతా బిరుసెక్కింది."

"చూశారా! ఏళ్ల తరబడి తాగిన టీ!" అన్నాడు కన్నబాబు, పరీక్ష పాసైనవాడిలా.

ఇక మిగిలిన దారి ఒక్కటేనన్నాడు డాక్టరు. దవడ ఎముకలో టైటానియం మరలు బిగించి, వాటి మీద పింగాణీ పళ్లు కూర్చోబెట్టడం. తీసే పని లేదు, పెట్టే పని లేదు. కోత ఉంటుంది, వాపు ఉంటుంది, ఆరేడు నెలలు పడుతుంది. ఖర్చు ఒక చిన్న కారంత. ఈ వయసులో అవసరమా అన్నది ఇంటికెళ్లి ఆలోచించుకోండి.

"పింగాణీ వేడికి ఓర్సుకుంటాదా బావూ?"

"కొలిమిలో కాల్చి తీస్తారమ్మా. నిప్పుల్లో పడేసినా ఏం కాదు."

గవరమ్మ కొంగు సర్దుకుంది. "అయితే అయ్యే ఏసేయండి."

ఇంటికొచ్చాక దేవి మండిపడింది. "కారు బుక్ చేద్దామన్నాం కదండీ! అరవై తొమ్మిదేళ్లకి ఇప్పుడు ఏం కొరకాలిట? అన్నం ఇంకో రెండు విజిల్స్ వేయిస్తే సరిపోదూ?"

కన్నబాబు తొందరపడలేదు. కంప్యూటర్లో గళ్లు గీసుకుని కూర్చున్నాడు. ఒక పక్క కారు, ఒక పక్క పళ్లు. దేనివల్ల లాభమెంత, నష్టమెంత. గడి గడీ పైకి చదువుతూ పోతుంటే, 'ఎన్ని సంవత్సరాలు వాడకం' దగ్గర వేలు ఆగిపోయింది. కారుకి పది వేశాడు. పళ్లకి ఎంత వేయాలో పాలుపోలేదు.

"వందెయ్యి నాయినా" అంది గవరమ్మ పక్కగదిలోంచి.

కన్నబాబు కంప్యూటరు మూసేశాడు.

మర్నాటి సాయంత్రం నుంచి గవరమ్మ మెట్ల మీద మకాం పెట్టింది. కింది వాటాలోని ఇంటావిడ లచ్చమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏందక్కా గిట్లయినవ్? కొడుకు కంప్యూటర్ల చేస్తడు, కోడలు కంప్యూటర్ల చేస్తది, నీకు నోట్ల పండ్లు సుత లేకపాయె!"

"ఆళ్లకి కారు కావాలమ్మా" అంది గవరమ్మ, పైవాటా కిటికీకి వినపడేంత మెల్లగా. "నాకేటి? గంజి తాగి బతికేత్తాను."

"అయ్యో! కార్లు ఎక్కినంక గీ అత్తకు మొఖం ఎట్ల జూపిస్తరో!"

గంజి కబురు వీధి దాటడానికి వారం పట్టలేదు. ఆదివారం బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలావిడ దేవిని చూసి, లేత బీరకాయలు విడిగా ఏరి సంచీలో వేసింది. "జెర మెత్తగ వండు బిడ్డా. మీ అత్తకు, పాపం!"

దేవి ఇంటికొచ్చి సంచీ నేలకేసి కొట్టింది. "ముందు పళ్లు. తర్వాతే కారు."

ఆస్పత్రి కాగితాలు కన్నబాబే నింపాడు. షుగరు లేదు. బీపీ లేదు. 'అలవాట్లు' అన్నచోట అమ్మను అడగకుండానే 'నిత్యపూజ' అని రాశాడు.

ఏడు నెలలు పట్టింది. చిగుళ్లు కోశారు, ఎముక తొలిచారు. మొహం గుమ్మడికాయంత అయింది. గవరమ్మ ఒక్కసారి కూడా మూలగలేదు. పాతికేళ్ల కుర్రాళ్లు కూడా కుర్చీలో ఏడుస్తారు, ఇంత ఓపిక ఎక్కడా చూడలేదని డాక్టరే దండం పెట్టాడు.

పళ్లు బిగించిన రోజు కన్నబాబు తన టీము ఎనిమిదిమందినీ భోజనానికి పిలిచాడు. అందరి ముందూ గవరమ్మ గట్టి చేగోడీలు ఫటఫటా కొరికింది. అందరూ చప్పట్లు కొట్టారు. దేవి ఫొటోలు తీసింది. కన్నబాబు లేచి నిలబడి, ఏ సమస్యకైనా మూలం పట్టుకోవడం ఎంత ముఖ్యమో అరగంట ఉపన్యాసం ఇచ్చాడు.

మర్నాడు పదింటికి కొడుకూ కోడలూ ఆఫీసుకి బయల్దేరగానే, గవరమ్మ తన గది గడియ పెట్టి, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపలికి తిప్పి, రెండు సెట్ల ప్లాస్టిక్ పళ్లను కరిగించి మింగిన ఆ అడ్డపొగను పింగాణీ పళ్ల మధ్య నిశ్చింతగా బిగించింది.