స్వతంత్రుడి గుర్రం

చాలు సగంలో ఉండగానే నాగలి నుంచి గుర్రాన్ని విప్పేశారు.

“మెడపట్టీ మాకక్కర్లేదు, నువ్వే ఉంచుకో,” అన్నాడు రాజుగారి అధికారి షరీఫు పంపిన భటుడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. “రాజుగారి బళ్లకి గుర్రాలు చాలట్లేదు.”

“అయ్యా, ఈ వారంలో బార్లీ చల్లకపోతే ఏడాదంతా పస్తులే,” అన్నాడు హామో. “నాగలి నా మెడకి కట్టుకుని దున్నమంటారా?”

“కట్టుకో. మెడ బలంగానే ఉందిగా.”

వెనకున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. హామోకి అరికాలి మంట నెత్తికెక్కింది. మేడి మీద పిడికిలి బిగించాడు గానీ, కత్తులున్నవాళ్లను ఏం చేయగలడు? ఆరేళ్ల క్రితం తన చేతుల్లో పుట్టిన గుర్రం, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే వెళ్లింది.

ఇంట్లో పెళ్లాం హావిస్ అతన్ని నిలబెట్టి కడిగేసింది. “వాళ్ల చేతులు విరిగిపోను! తోలుకుపోతుంటే దిష్టిబొమ్మలా చూస్తూ నిలబడ్డావా? పోయి దొరకి చెప్పు. రాజు మెడలు వంచి శాసనం మీద ముద్ర వేయించామని కనబడ్డవాడికల్లా చెప్పుకుంటాడుగా! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఆ తన్నేదేదో మన కోసం ఒక్కసారి తన్నమను.”

“ఆ శాసనం మనక్కాదే పిచ్చిదానా. పాదిరిగారు గుడిలో చదివినప్పుడు వినలేదూ? స్వతంత్రుడి గుర్రాన్ని అతని ఇష్టం లేకుండా రాజు మనుషులు తీసుకోకూడదన్నారు. స్వతంత్రుడిది! మనం వారానికి మూడు రోజులు దొర పొలంలో వెట్టి చేసేవాళ్లం.”

“ఆకలి వెట్టివాడికో రకంగా, స్వతంత్రుడికో రకంగా వేస్తుందా? పోతావా, నన్ను పొమ్మంటావా?”

హామో వెళ్లేసరికి వారిన్ దొర భోజనం దగ్గరున్నాడు. సంగతి వినగానే చేతిలో ఎముకను కుక్కల మీదికి విసిరికొట్టాడు.

“నా ఊళ్లోకొచ్చి, నన్ను అడక్కుండానా!” దొర ముఖం కందగడ్డలా అయింది. “ఆ ఏటి ఒడ్డు పచ్చికలో, ఎండలో, ఇనప కవచంలో ఉడికిపోతూ నిలబడ్డాన్రా నేను! రాజైనా సరే చట్టం కిందే ఉండాలని ముద్ర వేయించాం. ముద్ర మైనం ఆరనైనా లేదు, అప్పుడే మొదలెట్టారా దొంగతనాలు?”

గదిలో అటూ ఇటూ రెండుసార్లు తిరిగి ఆగాడు. “గుర్రానికెన్నేళ్లు?”

“ఆరు, దొరా.”

“డెక్కలూ, పళ్లూ?”

“వంక పెట్టడానికి లేదు దొరా.”

“రేపు కోటలో షరీఫు కచేరీ ఉంది. నువ్వూ రా.”

ముప్ఫై ఏళ్లలో దొర తన మంచీ చెడూ అడగడం అదే మొదలు. హామోకి కళ్లు చెమర్చాయి.

మర్నాడు కచేరీ కిటకిటలాడుతోంది. దొర బల్ల మీద చరిచి మరీ అడిగాడు. షరీఫు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగాడు. గుమాస్తా తాపీగా శాసనం ప్రతి విప్పాడు.

“ఇందులో ఉన్నది స్వతంత్రుల గుర్రాల మాట, దొరగారూ. మరి దీన్ని తోలుతున్నవాడు మీ వెట్టివాడు. రాజుగారికి అడ్డేముంది?”

జనంలో ఎవడో కిసుక్కుమన్నాడు. హామో ఒళ్లు భగ్గుమంది. ఒకడి కడుపు కాలకూడదని రాసిన చట్టమే ఇంకొకడి కడుపు కాలిస్తే తప్పు లేదంటోంది. ఆ చట్టాన్నీ, ఆ గుమాస్తానీ కలిపి పొయ్యిలో పెట్టాలనిపించింది.

“సువార్త పుస్తకం తే!” అని గర్జించాడు దొర. పుస్తకం మీద అరచెయ్యి ఆనించాడు. “ఈ గుర్రం యజమాని స్వతంత్రుడు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను. అతని ఇష్టం లేకుండా దీన్ని ఎత్తుకెళ్లారు. కాదనేవాడెవడో లేవండి, చూస్తాను!”

ఒక్కడూ లేవలేదు. దొర స్థాయివాడు ప్రమాణం చేశాక దానికిక తిరుగులేదు. షరీఫు తల వంచుకుని, “ఇచ్చేయండి,” అన్నాడు.

హామోకి చెవులు గింగురుమన్నాయి. స్వతంత్రుడు! నిండు కచేరీలో, సువార్త మీద! తాత వెట్టిలోనే పోయాడు, నాన్న వెట్టిలోనే పోయాడు. అతను అక్కడికక్కడే మోకాళ్ల మీద పడి దొర చెప్పులు ముద్దుపెట్టుకున్నాడు.

“లే, లే, చాలు,” అన్నాడు దొర, కాస్త విసుగ్గా.

దారి పొడుగునా గుర్రం కళ్లెం పట్టుకుని దొర వెనకే నడిచాడు. కూతురి పెళ్లికి ఇక దొర అనుమతి కోసం పడిగాపులు పడక్కర్లేదు. పొమ్మన్న చోటికి పోనక్కర్లేదు. “లేచి నిలబడవే, స్వతంత్రుడి పెళ్లానివి,” అని గుమ్మంలోంచే కేకేయాలి. ఇన్నాళ్లూ తల వంచుకు బతికినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఊరి మొదట్లో కళ్లెం ఇంటి వైపు తిప్పాడు.

“ఎక్కడికిరా?” అన్నాడు దొర.

“ఇంటికి దొరా. పొద్దుండగానే ఆ మిగిలిన చాలు పూర్తి చేస్తాను.”

“గుర్రాన్ని నా గుర్రాల సాలలో కట్టు.”

వేళాకోళమనుకుని హామో నవ్వాడు. దొర నవ్వలేదు. నౌకర్లిద్దరు వచ్చి కళ్లెం లాక్కున్నారు.

“దొరా!” హామో గొంతు చించుకున్నాడు. దొర మీద అరవడం జన్మలో అదే మొదటిసారి. “పుస్తకం మీద చెయ్యేసి చెప్పారు! యజమాని స్వతంత్రుడన్నారు! అంతమందిలో దేవుడి ముందు అబద్ధమాడారా?”

దొరకి నిజంగానే కోపం ముంచుకొచ్చింది.

“నేనా అబద్ధమాడింది? వెట్టివాడి ఇంట్లో కుండ నుంచి గుర్రం దాకా సమస్తం దొరదేనని మీ తాతలనాటి నుంచీ ఉన్న చట్టమే కదరా!” అని గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు.

“ఆ యజమానిని నేనే.”